బల్ల మీది బంతి

"ఆ ముక్క దాని ఎముకలో సరిగ్గా కూర్చోకపోతేనో?" అన్నాను.

పొద్దుటినుంచి ఇది ఏడోసారట, మా ఆయన లెక్కపెట్టారు. మా ఇంట్లో నా పేరు "అయితేనో". బస్సు తప్పిపోతేనో, గొళ్లెం ఊడిపోతేనో, పిల్లకి జ్వరం తిరగబెడితేనో అంటూ నా నోట్లో ప్రతి మాటా అక్కడే ఆగుతుందని మా ఆయన పెట్టిన పేరు అది. ఇరవై తొమ్మిదేళ్లుగా అలాగే పిలుస్తున్నారు. కూతుళ్లిద్దరూ నేర్చుకున్నారు. ఈమధ్య అల్లుడు కూడా.

ఇవాళ మాత్రం ఎవరూ నవ్వడం లేదు.

రేపు ఎనిమిదింటికి మా చిన్నదాని చీలమండకి ఆపరేషను. ఆస్పత్రిలో చేరడానికి ఇచ్చిన కాగితాన్ని పొద్దున్నే నేను పంచదార డబ్బాలో దాచేశాను. ఎందుకు దాచానంటే చెప్పలేను. అది కనపడకపోతే రేపు రాదనుకున్నానేమో. మధ్యాహ్నం టీ పెట్టబోయి పెద్దది దాన్ని బయటికి లాగింది. అప్పటినుంచి చిన్నది గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన పేపరు మడతపెట్టి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. చదవని పేపరు ఆయన చేతిలో ఉందంటే నా మీద కోపం నెత్తికెక్కినట్టే. పెద్దది తన మొగుడికి ఫోన్ చేసింది. మీరొచ్చి మా అమ్మకి కాస్త అర్థమయ్యేలా చెప్పండి, మా వల్ల కాదు అంది.

అల్లుడు డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ఆ ఆస్పత్రిలోనే ఎక్స్‌రే గదిలో పని. చిన్నదాని ఫిలిం తీసింది అతనే, ఎముక కొలిచింది అతనే, కొలత రాసి సంతకం చేసిందీ అతనే. మన మనిషి లోపల ఉన్నాడు, మనకేం భయం అని ఈ రెండు నెలలుగా ఆయన ఊరందరికీ చెప్పుకున్నారు. నేనూ చెప్పుకున్నాను. అబద్ధమెందుకు.

అల్లుడికి టీ ఇచ్చాను, బిస్కట్లు ఇచ్చాను. అతను చిన్నదాని ఫిలిం తాలూకు కాగితాన్ని టీపాయ్ మీద పరిచి, బిస్కట్టు టీలో ముంచుతూ చెప్పడం మొదలుపెట్టాడు.

కాలి ఎముకల కింద, మడమ ఎముక మీద, ఇంకో ఎముక ఉంటుందట. దాని తల బోర్లించిన చిన్న గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. కాలు ముందుకీ వెనక్కీ ఆడేది దాని మీదే. పైన నున్నటి గుజ్జు. మా చిన్నది ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం చేసేది. రెండేళ్ల కిందట ఒక మేడ మెట్ల మీద కాలు మడతపడి, ఆ గుజ్జులో ఒక పెళ్ల కింద ఎముకతో సహా ఊడిపోయింది. ఇప్పుడు డాక్టరమ్మ ఆ చెడిన చోటు తొలిచేసి, పోయిన మనిషెవరో దానం చేసిన అదే ఎముకలోంచి గుజ్జుతో సహా ఒక బిళ్ల కోసి అక్కడ కూర్చోబెడుతుంది. దానికి ఇద్దరి ఎముకల గుండ్రమూ ఒకటే అయి ఉండాలి. పదిహేడు రోజుల కిందట అల్లుడు కొలిచి రాసిన గుండ్రాన్ని బట్టే ఆ ఎముకని ఎంచి తెప్పించారు. నిన్ననే వచ్చింది. రేపు దాటితే ఇక పనికిరాదు.

ఇవన్నీ నాకు తెలిసినవే. తెలిసినా, ఒళ్లో ఉన్న కవరు కుడుతూ తల ఊపాను.

మాటల్లో ఉండగా నానిన బిస్కట్టు విరిగి కాగితం మీద పడింది. సరిగ్గా మా పిల్ల ఎముక మీద. అల్లుడు వేలు నాలుకకి అద్దుకుని, ఆ ముద్దని వేలితో ఎత్తి నోట్లో వేసుకున్నాడు. ఎముక మీద గోధుమరంగు మరక మిగిలింది. దాన్ని మళ్లీ అదే వేలితో రుద్దాడు.

అల్లుడి ఎంగిలి గురించి పైకి ఏమంటాం. "ఇంకో రెండు బిస్కట్లు వేసుకోండి బాబూ" అన్నాను. ఆ మాట అన్నందుకు నా నోరంటే నాకే రోత పుట్టింది.

"మీకు అర్థమయ్యేలా చెప్తానుండండి అత్తయ్యగారూ," అన్నాడు. "మీరు స్టూళ్లకి కవర్లు కుడతారు కదా. మా పనీ అలాంటిదే."

నేను స్టూళ్లకీ కుర్చీలకీ కవర్లు కుడతాను, నిజమే. ఎనిమిదో తరగతి తర్వాత నాకు అబ్బిన చదువు అదే. గుండ్రటి స్టూలుని పేపరు మీద బోర్లించి చుట్టూ పెన్సిలు తిప్పుతాను. పెన్సిలు నిలువుగా ఉండాలి. కాస్త బయటికి వాలిందంటే గీత పెద్దదవుతుంది, కవరు వదులై ముడతలు పడుతుంది. అలా రెండు డజన్ల కవర్లు పాడుచేసి నేర్చుకున్నాను.

అతను బొమ్మలో ఎముక పక్కన తెల్లటి గుండు చూపించాడు. అది ఇనప బంతి. దాని అడ్డం సరిగ్గా ఇరవై అయిదు మిల్లీమీటర్లు. ఫిలింలో అన్నీ ఉన్నదానికన్నా కాస్త పెద్దగా పడతాయి కాబట్టి, బంతి ఎంత పెరిగిందో చూసి ఎముక కూడా అంతే పెరిగిందని లెక్క వేస్తారు.

"ఒకటే నియమం," అన్నాడు, టీ గ్లాసు పైకెత్తి. "బంతి ఎముక ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉండాలి. కిందా మీదా అయితే లెక్కంతా గోవిందా. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఇది నేనే నేర్పుతాను."

ఆయన మెచ్చుకోలుగా నావైపు చూశారు, విన్నావా అన్నట్టు.

విన్నాను. నా చేతిలో సూది ఆగిపోయింది.

ఆ రోజు ఆ గదిలో నేనున్నాను. నొప్పికి చిన్నది కాలు పక్కకి వాల్చి ఉంచలేకపోతుంటే, అల్లుడు నాకు బరువైన సీసం కోటు తొడిగి, మడమ పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. అతను బంతిని టేపుతో దాని చీలమండకి అంటించాడు. జారిపోయింది. మళ్లీ అంటించాడు. మళ్లీ జారింది. ఎందుకు జారిందో నాకు తెలుసు. బయల్దేరే ముందు నొప్పి తగ్గుతుందని దాని చీలమండంతా నేనే నూనె రాశాను. మూడోసారి అతను అంటించలేదు. బంతిని బల్ల మీద, దాని పాదం పక్కన పెట్టేశాడు. ఫిలింలో కనపడితే చాలులే అన్నాడు. ఆ బల్ల మీద అక్కడ గిన్నె అడుగు మరకలాంటి చిన్న గుండ్రటి మరక ఉంది. బంతి దానిమీద కుదురుగా కూర్చుంది. అన్నీ ఎంత అమరికగా పెట్టుకున్నాడో మా అల్లుడు అని మురిసిపోయాను కూడా.

"బాబూ," అన్నాను, "ఆ రోజు బంతి బల్ల మీద ఉంది కదా."

అల్లుడు గ్లాసు దించాడు.

"లేదండీ. కాలికే అంటించాను."

"రెండుసార్లు జారింది. మూడోసారి మీరు..."

"మీరు కంగారులో ఉన్నారు. సరిగ్గా చూసుండరు."

పెద్దది అందుకుంది. రెండు నెలలుగా అతను ఈ ఇంటి కోసం ఎంత తిరిగాడో, ఎవరెవర్ని బతిమాలి చెల్లెలి పేరు ముందుకి తోయించాడో ఏకరువు పెట్టింది. ఇదా దానికి మేమిచ్చే మర్యాద అంది. ఆయన పేపరు మోకాలి మీద కొట్టి, అల్లుడి ముందు ఈ గోల ఏమిటని నన్ను కసిరారు. నేను చిన్నదాన్ని అడిగాను. నువ్వు చూశావు కదే అన్నాను. అది గోడవైపు నుంచి తిరగలేదు. నొప్పికి కళ్లు మూసుకున్నాను, నాకు తెలీదు అంది.

ఒక్కోసారి నాకు మాటలు చాలవు. చేతులతో అయితే చెప్పగలను. టీపాయ్ మీద తెల్ల కాగితం వేశాను. నా కుట్టు డబ్బాలోంచి ఒకే అచ్చులో పోసిన రెండు పెద్ద బొత్తాలు తీసి, ఒకదాన్ని కాగితం మీద, రెండోదాన్ని దారపు రీలు మీద పెట్టాను. కిటికీ తలుపు వేసి, ఫోన్ టార్చి పైనుంచి పట్టుకున్నాను.

కింది బొత్తాం నీడ బొత్తామంతే ఉంది. రీలు మీది బొత్తాం నీడ చుట్టూ ఇంత పెరిగి పడింది. పెన్సిలుతో రెండు నీడలకీ చుట్టూ గీశాను. అందరూ చూస్తూనే ఉన్నారు.

"బంతి కింద ఉంది, పెరగలేదు. ఎముక పైన ఉంది, పెరిగింది," అన్నాను. "పెరగనిదాన్ని పట్టుకుని పెరిగినదాన్ని కొలిస్తే నా పిల్ల ఎముక ఉన్నదానికంటే పెద్దదని తేలుతుంది. పెద్ద కుండ పెంకు తెచ్చి చిన్న కుండ కన్నంలో పెడితే అంచులు పైకి లేవవా?"

ఆయన పేపరు పక్కన పెట్టి ముందుకి వంగారు. రీలు మీది బొత్తాన్ని ఎత్తి కింద పెట్టారు. మళ్లీ పైన పెట్టారు. నీడ చిన్నదయింది, మళ్లీ పెద్దదయింది. ఆయన ముప్పయ్యేళ్లు లారీ చక్రాలు సరిచేసిన మనిషి. కొలత తప్పితే ఏమవుతుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

అల్లుడు నవ్వాడు. పళ్ల సందులో బిస్కట్టు కనిపించింది.

"ఒకవేళ అలా ఉన్నా అత్తయ్యగారూ, తేడా మిల్లీమీటరు కూడా రాదు. దానికేమవుతుంది?"

ఒకవేళ అలా ఉన్నా. ఇంతసేపూ లేదు లేదన్న నోటితోనే.

పోయిన నెల డాక్టరమ్మ మాకు తన చిటికెన వేలి గోరు చూపించింది. ఇంత మందం పైకి లేచినా చాలు, నడిచిన ప్రతిసారీ పై ఎముక గుజ్జుని గీకేస్తుంది, ఇప్పుడు ఒక ఎముకే చెడింది, అప్పుడు రెండూ పోతాయి అంది. ఆ మాట నేను మూడు వారాలుగా కలవరిస్తున్నాను. అది విన్నప్పుడు అల్లుడు నా పక్కనే ఉన్నాడు.

పెద్దది నా జబ్బ పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి తలుపు చేరవేసింది.

సింకులో టీ గ్లాసులు, వాటి అడుగున నాని ఉబ్బిన బిస్కట్టు ముద్దలు. వాటినే చూస్తూ నిలబడ్డాను. దాని ముఖం చూడాలనిపించలేదు.

"చూసింది చూశావు. నీలోనే ఉంచుకో," అంది.

"నీకు తెలుసా?"

అది ఒక గ్లాసు కడిగింది. కడిగిందే మళ్లీ కడిగింది. తర్వాత చెప్పింది. అతనికి ఒకటో తారీఖు నుంచి ఆ గది మొత్తం అప్పజెప్పబోతున్నారట. ఇప్పుడీ మాట బయటికి వస్తే ఉన్న ఉద్యోగం కూడా ఉండదు. తెచ్చిన ఎముక పోతుంది. ఇంకొకటి దొరకాలంటే ఆరు నెలలో, ఏడాదో. అప్పటిదాకా చెల్లి ఆ కర్రతోనే కుంటాలి. అదే నోరు మూసుకుంటే డాక్టరమ్మ రేపు ఎలాగూ తెరిచి చూస్తుంది, ఎక్కడైనా లేస్తే ఆవిడే చూసుకుంటుంది.

"చూసుకోకపోతేనో?"

"మళ్లీ మొదలుపెట్టావా?" గ్లాసు ఠక్కున బోర్లించింది. "సరే, ఫోన్ చేసి చెప్పు. చెప్పేటప్పుడు మొత్తం చెప్పు. ఆ నూనె రాసింది ఎవరు? నువ్వు నలుగు పెట్టినట్టు రాయకపోతే ఆయన టేపు ఊడేదా? చెల్లి కాలు చెడితే చెడగొట్టింది ఎవరో, అది ముందు దాంతో చెప్పు."

నా కన్న కూతురు. చిన్నప్పుడు చెల్లెలికి జ్వరం వస్తే తనూ అన్నం మానేసిన పిల్ల. మొగుడి తప్పుని అమ్మ నెత్తిన ఎలా రుద్దాలో ఇంత తీరుగా ఎప్పుడు నేర్చుకుంది? సింకులోంచి వచ్చే పులిసిన వాసన నా గొంతులోకి ఎక్కింది. దాని మీద కాదు, అతని మీద కాదు, ఆ క్షణాన నా చేతుల మీదే నాకు ఏవగింపు కలిగింది. సబ్బుతో కడుక్కున్నాను. పదిహేడు రోజుల కిందటి నూనె ఇంకా వేళ్లకి అంటుకున్నట్టే ఉంది.

బయటికి వచ్చేసరికి అల్లుడు ఫిలిం కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. వేళవుతోంది, వెళ్తానన్నాడు.

నేను చిన్నదాని మంచం దగ్గర కూర్చున్నాను. తలగడ మీద దాని పాదం. వాచి, నిగనిగలాడుతూ, ఎవరిదో పాదంలా ఉంది.

"నా వల్లే జారిందే," అన్నాను. "నేను నూనె రాశాను."

అది ఇటు తిరిగింది. ఏడవలేదు. అంతకన్నా ఘోరంగా, ఎవరితోనో బేరం కుదిరిపోయినట్టు ప్రశాంతంగా ఉంది.

"రేపు జరిగిపోనీ అమ్మా. సరిపోకపోతే సరిపోకపోనీ. రెండేళ్లుగా స్నానాలగదికి కూడా నువ్వు పట్టుకుంటేనే వెళ్తున్నాను. నాకు విసుగొచ్చింది. ఏదో ఒకటి అయిపోనీ."

ఆ మాటకి నాలో ఏదో తెగింది. ఇన్నాళ్లూ నా భయాలన్నీ జరగనివాటి గురించే. ఒక్కటి జరిగేది నా కళ్లముందు ఉంటే, పిల్ల దానితో సర్దుకుపోదామంటోంది.

పంచదార అంటుకుని జిగటగా ఉన్న ఆస్పత్రి కాగితం మీద నంబరు ఉంది. ఒక చీమ దాని మీద నడుస్తోంది. ఊది, నంబరు నొక్కాను. ఆయన ఫోన్ లాక్కుంటారనుకున్నాను. లాక్కోలేదు. లేచి వెళ్లి వీధి తలుపు దగ్గర నిలబడ్డారు. అల్లుడు చెప్పుల్లో కాళ్లు పెట్టబోతున్నవాడు ఆగిపోయాడు.

నర్సు ఎత్తింది. డాక్టరమ్మతో మాట్లాడాలన్నాను. రేపటి సంగతంతా కాగితంలో ఉందమ్మా అంది. కాగితంలో లేనిది చెప్పాలన్నాను. చాలాసేపు ఎవరో నడుస్తున్న చప్పుడు, ఏదో బండి చక్రాల కీచు. తర్వాత డాక్టరమ్మ గొంతు వినిపించింది. ఫోన్ టీపాయ్ మీద, నేను గీసిన రెండు సున్నాల మధ్య పెట్టి, అందరికీ వినపడేలా చేశాను.

చెప్పాను. తడబడుతూనే, నూనెతో సహా చెప్పాను. నూనె మాట దగ్గర పెద్దది కళ్లు దించుకుంది.

డాక్టరమ్మ నన్ను మధ్యలో ఆపలేదు. చివర్న కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"అమ్మా, ఇక్కడ బంతి ఎముక ఎత్తులో ఉందని టిక్కు పెట్టి, సంతకం ఉంది. మీరేమో బల్ల మీద అంటున్నారు. రేపు మళ్లీ ఫిలిం తీయించడం నాకు కష్టం కాదు. కానీ కొలత తప్పని రేపు తేలితే ఈ ఎముక ఎవరికీ కాకుండా పోతుంది. ఇప్పుడే తెలిస్తే వేరే ఆస్పత్రిలో ఇదే కొలత కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఈ రాత్రికే పంపేస్తాను. మీ అమ్మాయికి ఇంకొకటి వెతుకుతాం. సంతకం చేసినాయన అక్కడున్నాడా?"

"ఉన్నాడు."

"అయితే ఆయన్నే అడుగుతున్నాను. బంతి ఎక్కడ పెట్టారు?"



పెద్దది అతన్నే చూస్తోంది. తల చాలా కొద్దిగా, మెడ నరం మాత్రమే కదిలేంత కొద్దిగా అడ్డంగా ఊపింది. అతను దాన్ని చూశాడు. వీధి తలుపు దగ్గరున్న మామగారిని చూశాడు. ఆయన దారి ఇవ్వలేదు. చిన్నది మోచేతుల మీద లేచి కూర్చుంది. వాచిన పాదం తలగడ మీంచి జారి మంచం అంచుకి తగిలింది. అది మూలగలేదు.

ఫోన్లో డాక్టరమ్మ ఊపిరి వినిపిస్తోంది.

అల్లుడి పెదవి మూలన బిస్కట్టు పొడి ఇంకా అలాగే ఉంది. తుడుచుకోమని చెప్పబోయి మానుకున్నాను. అతను వెనక్కి వచ్చి, టీపాయ్ మీదికి వంగి రీలు మీది బొత్తాన్ని తీశాడు. వేళ్ల మధ్య తిప్పాడు. దాన్ని కింద, రెండో బొత్తాం పక్కన పెట్టాడు.

"బల్ల మీద, మేడం," అన్నాడు.

పెద్దది గోడకి చేరబడింది. నా గుండె మీది బరువు దిగిందనుకున్నాను. కానీ అతను ఫోన్ మీంచి తల ఎత్తలేదు.

"నూనె వల్ల కాదు మేడం. ఆ రోజు మా వాళ్లు చూస్తున్నారనే టేపు అంటించబోయాను. నేనెప్పుడూ బల్ల మీదే పెడతాను. ఈ రెండేళ్లలో మీరు వేసిన ముక్కలన్నిటికీ అలాగే కొలిచాను."